బైకులనే ఎందుకు ఆపుతారు? తనిఖీ దగ్గర పోలీసు అధికారం ఎక్కడిదాకా?

మీరు రాసినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు హైదరాబాదులో బైకు మీద ఆహారం డెలివరీ చేస్తారు. రాత్రి పదకొండు దాటాక ఫ్లైఓవర్ దిగగానే బ్యారికేడ్ల దగ్గర మిమ్మల్ని ఆపారు. పక్కనుంచి కార్లు ఆగకుండా పోతూనే ఉన్నాయి. ఒక హోంగార్డు ముందుగా బండి తాళంచెవి లాక్కున్నాడు. తర్వాత మద్యం పరీక్షకు పరికరంలో ఊదించారు, ఏమీ తేలలేదు. ఫోన్ తెరిచి వాట్సాప్ చూపించమన్నారు, భయపడి చూపించారు. చివరికి పాత చలానాలు కట్టేదాకా బండి కదలదని చెప్పి, కాగితం ముక్క కూడా ఇవ్వకుండా స్టేషన్‌కు తరలించారు. ఇదంతా చట్టప్రకారమేనా, బైకు నడిపేవాడికి పౌర స్వేచ్ఛ అంటూ ఏమీ ఉండదా అని అడిగారు.

ఇరవై ఏళ్ళకు పైగా మేజిస్ట్రేటు కోర్టుల్లో ఇటువంటి కేసులు చూస్తున్న న్యాయవాదిగా నా సమాధానం ఇది. మిమ్మల్ని ఆపడం చట్టబద్ధమే. కానీ ఆపే అధికారం ఉన్నంతమాత్రాన ఆ తర్వాత చేసినవన్నీ చట్టబద్ధం కావు. ఆపడం, కాగితాలు అడగడం, ఊదించడం, ఫోన్ చూడడం, బండి పట్టుకోవడం వేర్వేరు చర్యలు. ప్రతి ఒక్కదానికీ చట్టంలో వేర్వేరు అనుమతి, వేర్వేరు షరతు ఉన్నాయి. రోడ్డు మీద నిలబడ్డప్పుడు మనకు ఇవన్నీ ఒకే అధికారంలా కనిపిస్తాయి. మన స్వేచ్ఛకు దెబ్బ తగిలేది అక్కడే.

ముందు ఆపడం సంగతి చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 119వ సెక్షన్ ప్రకారం ట్రాఫిక్ నియంత్రణ విధిలో ఉన్న పోలీసు అధికారి ఆదేశాలను డ్రైవరు పాటించాలి. 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్సు చూపించాలి. ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం వంటివి అడిగే వీలు కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 139వ నియమం ఇస్తుంది. అదే నియమంలో రెండు సంగతులున్నాయి, వాటిని మాత్రం తనిఖీ దగ్గర ఎవరూ చెప్పరు. ఒకటి, 2018 సవరణ తర్వాత ఈ పత్రాలను ఎలక్ట్రానిక్ రూపంలో చూపించినా సరిపోతుంది, అంటే ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్సు చెల్లుతుంది. రెండు, ఆ క్షణంలో పత్రం చేతిలో లేకపోతే పదిహేను రోజుల్లోగా సమర్పించుకునే అవకాశం ఉంది. తెల్లవారుజామున బస్తీల్లో కార్డన్ అండ్ సెర్చ్ (ప్రాంతాన్ని చుట్టుముట్టి చేసే సోదా) జరిపి, సరైన పత్రాలు లేవంటూ పదుల కొద్దీ బైకులను స్టేషన్‌కు తరలించిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ తరచూ చదువుతుంటాం. ఆ పదిహేను రోజుల గడువు మాట అటువంటి వార్తల్లో నాకు ఎన్నడూ కనిపించలేదు. ఇంట్లో బీరువాలో ఆర్‌సీ ఉన్న మనిషికి, దొంగబండి నడిపే మనిషికి చట్టం తేడా చూపిస్తుంది. ఆ తనిఖీ చూపించదు.

ఇక తాళంచెవి. మోటారు వాహనాల చట్టంలో నడిపేవాడి చేతిలోంచి తాళంచెవి లాక్కునే అధికారం ఇచ్చే సెక్షన్ లేదు. పారిపోతారన్న భయంతో అలా చేస్తామని చెబుతారు. ఆగి నిలబడి, హెల్మెట్ తీసి, లైసెన్సు అందిస్తున్న మనిషి విషయంలో ఆ భయానికి ఆధారం లేదు. బండి పూర్తిగా ఆగకముందే హ్యాండిల్ మీద చెయ్యి వేసి తాళం తిప్పడం ప్రమాదం కూడా, ఎందుకంటే రెండు చక్రాల మీద ఉన్న మనిషికి ఒక్క కుదుపు చాలు. కారు డ్రైవరు విషయంలో ఇటువంటిది ఊహించడం కూడా కష్టం, మధ్యలో అద్దం ఉంటుంది, తలుపు ఉంటుంది.

ఆపే తీరు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక ఘటన చాలు. 2018 మార్చిలో తమిళనాడులోని తిరుచ్చి దగ్గర హెల్మెట్ తనిఖీలో ఆగకుండా వెళ్ళిన దంపతులను ఒక ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంటాడి బైకును తన్నాడు. వెనక కూర్చున్న భార్య కిందపడి చనిపోయింది. ఆ ఇన్‌స్పెక్టర్‌ను అరెస్టు చేశారు. హెల్మెట్ లేకపోవడం జరిమానాతో పోయే తప్పు. ఆ మరుసటి ఏడాది కేరళ హైకోర్టు, హెల్మెట్ లేనివారిని పట్టుకోవడానికి రోడ్డు మధ్యకు దూకడం, వెంటాడడం తగదని, కెమెరాల వంటి సాంకేతిక పద్ధతులు వాడుకోవాలని చెప్పింది. ఈ మాట రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు శిక్షణలోనూ మొదటి పాఠం కావాలని నేను నిజంగా కోరుకుంటాను.

బైకులనే ఎందుకు ఆపుతారన్న మీ అసలు ప్రశ్నకు వస్తాను. పోలీసుల వైపు వాదనను తేలిగ్గా తీసెయ్యలేం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో దాదాపు 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవారే. హెల్మెట్ లేక చనిపోయినవారు యాభై వేలకు పైగా ఉన్నారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. తలకు దెబ్బ తగిలిన కేసుల్లో పరిహారం కోసం తిరిగే కుటుంబాలను చూసినవాడిగా, హెల్మెట్ తనిఖీని నేను వ్యతిరేకించను. 129వ సెక్షన్ కింద హెల్మెట్ బాధ్యత ద్విచక్ర వాహనదారుడికే ఉంది కాబట్టి, హెల్మెట్ లేనివాడిని ఆపితే అది వివక్ష కాదు. తప్పు కంటికి కనిపిస్తోంది, ఆపడానికి ఆ కారణం చాలు.

హెల్మెట్ పెట్టుకుని, ఒంటరిగా, నెమ్మదిగా వెళ్ళేవాడిని కూడా ఆపి, అదే సమయంలో వందల కార్లను వదిలేస్తే సంగతి వేరు. లైసెన్సు లేకుండా కారు కూడా నడపవచ్చు, తాగి కారు కూడా నడపవచ్చు. తాగి నడిపే కారు ఎదుటివారికి చేసే కీడు బైకు చేసేదానికన్నా ఎక్కువ. అందుకే మద్యం తనిఖీలో బైకులను మాత్రమే ఏరడానికి రోడ్డు భద్రత అనే కారణం నిలవదు. అసలు కారణం సౌకర్యమని నేననుకుంటున్నాను. బైకును పక్కకు లాగితే ట్రాఫిక్ ఆగదు. నలుగురు మనుషులతో, రెండు బ్యారికేడ్లతో పని అయిపోతుంది. బైకు మీదున్నవాడు ఎవరికో ఫోన్ చేసి అధికారిని బెదిరించే అవకాశం తక్కువ. ఆ రాత్రికి చూపించాల్సిన కేసుల లెక్క త్వరగా నిండుతుంది. ఇందులో అధికారుల దురుద్దేశమే ఉండాలని లేదు, కానీ ఫలితం మాత్రం ఒక వర్గం మీదే పడుతుంది. చట్టం ముందు సమానత్వం గురించి చెప్పే రాజ్యాంగంలోని 14వ అధికరణం ప్రకారం, ఒక వర్గాన్ని వేరుగా చూడాలంటే ఆ విభజనకు, సాధించదలచిన లక్ష్యానికి హేతుబద్ధమైన సంబంధం ఉండాలి. హెల్మెట్ విషయంలో ఆ సంబంధం ఉంది, మద్యం, లైసెన్సు, గంజాయి సోదా విషయాల్లో లేదు.

ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో 2007 నుంచి మోటారు సైకిళ్ళను మాత్రమే ఆపే తనిఖీ కేంద్రాలు పెట్టారు. అక్కడి బైకర్లు కోర్టుకు వెళ్ళారు, కోర్టులు వారి వాదనను అంగీకరించలేదు. అప్పుడు వారు చట్టసభల దారి పట్టారు. కొన్ని రాష్ట్రాలు ఇటువంటి తనిఖీలను నిషేధించాయి. 2015లో చేసిన రవాణా చట్టంలో, మోటారు సైకిళ్ళకు మాత్రమే ఉద్దేశించిన తనిఖీ కేంద్రాలకు సమాఖ్య ప్రభుత్వ రహదారి భద్రత నిధులు వాడకూడదని అమెరికా కాంగ్రెసు నిబంధన పెట్టింది. ఆ దేశపు సుప్రీంకోర్టు 1990లో మద్యం తనిఖీ కేంద్రాలను అనుమతించింది, 2000లో మాత్రం మాదకద్రవ్యాల కోసం వచ్చేపోయే బండ్లన్నిటినీ ఆపే కేంద్రాలు చెల్లవంది. రోడ్డు భద్రత కోసం ఆపడం ఒకటి, రోడ్డును సాకుగా తీసుకుని సాధారణ నేర పరిశోధన చెయ్యడం ఇంకొకటి అని అక్కడ గీత గీశారు. ఆ తీర్పులు మన కోర్టులను కట్టడి చెయ్యవు. ఆ గీత మాత్రం మీ కేసులో ఫోన్ సంగతికి అతికినట్టు సరిపోతుంది.

దానికి వచ్చే ముందు ఊదించడం గురించి చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే శ్వాస పరీక్షకు అధికారం ఇచ్చే 203వ సెక్షన్‌ను శ్రద్ధగా చదవండి. తాగి నడిపిన నేరం చేశారని అనుమానించడానికి సహేతుక కారణం ఉన్నప్పుడు యూనిఫాంలోని అధికారి ఊదమని కోరవచ్చు అని అందులో ఉంది. వచ్చినవాడినల్లా ఊదించవచ్చని లేదు. బండి వంకరగా నడవడం, నోటి వాసన, తడబడే మాట, ఇలా ఏదో ఒకటి ఉండాలి. ఆచరణలో వరసగా అందరినీ ఊదిస్తారు. నిజం చెప్పాలంటే, ఈ విషయంలో ఊదడానికి నిరాకరించమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, ఎందుకంటే సరైన కారణం లేకుండా నిరాకరిస్తే 205వ సెక్షన్ కింద అదే మీకు వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యానికి బలం అవుతుంది. తాగనివాడు ఊది వెళ్ళిపోవడమే మంచిది. తాగకపోయినా పరికరం తప్పు చూపించిందని నమ్మేవారు వెంటనే రక్తపరీక్ష కోరాలి. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలని, జరగకపోతే వదిలిపెట్టాలని 202వ సెక్షన్‌లో ఉంది. ఆ రెండు గంటల లెక్క మీరే రాసిపెట్టుకోవాలి, ఇంకెవరూ రాయరు.

తాగి దొరికినవాడి బండి విషయంలో కూడా మనకు తీర్పు ఉంది. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపాడన్న కారణంతోనే వాహనాన్ని స్వాధీనం చేసుకుని అట్టిపెట్టే అధికారం పోలీసులకు లేదని చెప్పింది. వెంట మద్యం తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతడికి బండి అప్పగించాలి. లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చెయ్యాలి. ఎవరూ రాకపోతేనే బండిని సమీప స్టేషన్‌లో భద్రపరచి, తర్వాత యజమానికి ఇవ్వాలి. తాగినవాడి బండికే ఇంత రక్షణ ఉన్నప్పుడు, తాగలేదని తేలిన మీ బండిని అట్టిపెట్టడానికి వారు ఏ సెక్షన్ చెబుతారో నాకు బోధపడడం లేదు.

ఎందుకంటే స్వాధీనానికి సంబంధించిన 207వ సెక్షన్ పరిధి చిన్నది. లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలకుండా నడపడం, రిజిస్ట్రేషన్ లేని బండి నడపడం, పర్మిట్ అవసరమైన బండిని పర్మిట్ లేకుండానో దాని షరతులు మీరో నడపడం, వీటికి బండిని పట్టుకోవచ్చు. లైసెన్సు, వయసు, పర్మిట్ సందర్భాల్లో బండికి బదులు ఆర్‌సీని తీసుకుని రసీదు ఇచ్చే వీలు కూడా అందులోనే ఉంది. ఈ జాబితాలో హెల్మెట్ లేదు, కట్టని చలానా కూడా లేదు. చలానా అనేది మీరు తప్పు చేశారన్న ఆరోపణ. ఒప్పుకుంటే కట్టాలి, ఒప్పుకోకపోతే కోర్టులో తేల్చుకోవాలి. అర్ధరాత్రి రోడ్డు పక్కన బండిని తాకట్టులా పట్టుకుని వసూలు చేస్తే, కోర్టుకు వెళ్ళే ఆ హక్కును మీ చేతిలోంచి లాక్కున్నట్టే. తెలంగాణలో పేరుకుపోయిన చలానాల మీద 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. అంత రాయితీ ఇస్తే తప్ప వసూలు కాని స్థితి వచ్చిందంటే, ఆ భారం ఎవరి నెత్తిన పడుతోందో ఆలోచించాలి. రోజుకు ముప్ఫై ఆర్డర్లు తిప్పే కుర్రవాడికి నెలలో నాలుగు చలానాలు పడితే అది ఒక వారం ఇంటి ఖర్చు. బండి ఆగిన ప్రతి రోజూ కూలి పోయినట్టే. మీరు నిజంగా సిగ్నల్ దాటి ఉంటే ఆ జరిమానా కట్టండి, అందులో నాకు సందేహం లేదు. కానీ వసూలు చేసే పద్ధతి కూడా చట్టంలోనే ఉండాలి.

ఇప్పుడు ఫోన్. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే విషయం ఇదే. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారిన బండ్ల మీద వెళ్ళేవారిని ఆపి, వారి ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి వంటి మాటల కోసం వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. ఎవరినీ బలవంతపెట్టడం లేదు, ప్రజలే సహకరిస్తున్నారు అని అధికారులు వివరణ ఇచ్చారు. బ్యారికేడ్ల మధ్య, చీకట్లో, లాఠీ పట్టుకున్న నలుగురి ముందు, తాళంచెవి వారి జేబులో ఉండగా ఇచ్చిన దాన్ని అంగీకారం అనగలమా? ఒక మనిషి ఫోన్‌లో భార్యతో మాటలు, డాక్టరు చీటీలు, బ్యాంకు సంగతులు, యూనియన్ గ్రూపు, పూజ గదిలో తీసిన ఫోటో అన్నీ ఉంటాయి. పూర్వం ఇవన్నీ ఇంట్లో ఉండేవి, ఇంట్లోకి రావాలంటే పోలీసు కారణం రాసుకుని రావాలి. ఫోన్‌కు వాకిలి లేదు కాబట్టి ఆ రక్షణ అక్కరలేదని ఎవరూ అనలేరు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. దాన్ని కుదించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగినంత మేరకే చర్య ఉండాలి. మోటారు వాహనాల చట్టంలో ఫోన్ సోదా మాటే లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఎలక్ట్రానిక్ పరికరాలను సమర్పించమని 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా కోరవచ్చు. వారంటు లేకుండా సోదా చెయ్యాలంటే అదే సంహితలోని 185వ సెక్షన్ కింద ఒక నేరం దర్యాప్తులో ఉండాలి, అధికారి తన నమ్మకానికి కారణాలు ముందే రాసుకోవాలి. సోదాను, స్వాధీనాన్ని 105వ సెక్షన్ ప్రకారం దృశ్య శ్రవణ రూపంలో నమోదు చెయ్యాలి. దారిన పోయేవాడి వాట్సాప్ వెతకడంలో ఇవేవీ లేవు.

ఫోటో తియ్యడం కూడా ఈ కోవకే వస్తుంది. 2021 మేలో, లాక్‌డౌన్ సమయంలో, హైదరాబాదులో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు దారిలో ఆపి మాస్కు తియ్యమని, ఆయన ఒప్పుకోకపోయినా ట్యాబ్‌తో ఫోటో తీశారు. ముఖాన్ని గుర్తుపట్టే సాంకేతికత వాడకాన్ని ప్రశ్నిస్తూ ఆయన వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. తనిఖీ పది నిమిషాల్లో అయిపోయినా ఆ బొమ్మ ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దాన్ని ఇక్కడ విస్తరించను.

ఇకముందు ఆపినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా అడిగారు. ఆగండి. పారిపోవద్దు, అది మీ ప్రాణానికి ముప్పు, కేసుకు కూడా చేటు. ఇంజను ఆపి, చేతులు కనిపించేలా ఉంచి, "సార్, ఏ విషయంలో ఆపారు?" అని అడగండి. యూనిఫాం మీద పేరు చూసి గుర్తుపెట్టుకోండి. లైసెన్సు చూపించండి, అది డిజిలాకర్‌లో ఉంటే ఫోన్ మీ చేతిలోనే ఉంచుకుని తెర మాత్రం చూపించండి. వాట్సాప్ అడిగితే, "సార్, లైసెన్సు చూపించాను, ఫోన్ సోదాకు రాతపూర్వక ఆదేశం ఉంటే ఇవ్వండి, సహకరిస్తాను" అని గొంతు పెంచకుండా అనండి. ఆ మాటకు కోపం వచ్చి ఫోన్ లాక్కుంటే పెనుగులాడవద్దు, "నేను ఒప్పుకుని ఇవ్వడం లేదు" అని పైకి వినిపించేలా ఒకసారి చెప్పండి, తర్వాత ఆ మాటకు విలువ ఉంటుంది. బహిరంగ రోడ్డు మీద జరుగుతున్నదాన్ని మీ ఫోన్‌లో రికార్డు చేసుకోవడాన్ని మోటారు వాహనాల చట్టం నిషేధించడం లేదు. అయితే పనికి అడ్డం పడ్డారన్న ఆరోపణకు తావివ్వకుండా దూరంగా నిలబడి తియ్యాలి. లైసెన్సు తీసుకుంటే 206వ సెక్షన్ కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. బండి తీసుకున్నా రసీదు అడగండి. ఇవ్వనంటే తేదీ, సమయం, చోటు, బండి నంబరు, అధికారి పేరు రాసుకుని, అదే రాత్రి మీకు మీరే ఒక సందేశం పంపుకోండి.

మీ బండి ఇంకా స్టేషన్‌లోనే ఉందన్నారు కాబట్టి ఆలస్యం చెయ్యకండి. ముందు ఆర్‌సీ, బీమా, లైసెన్సు ప్రతులతో స్టేషన్ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఏ సెక్షన్ కింద పట్టుకున్నారో తెలపమని అందులోనే అడగండి. రెండు రోజుల్లో ఇవ్వకపోతే మేజిస్ట్రేటు దగ్గర నాగరిక్ సురక్షా సంహితలోని 503వ సెక్షన్ కింద బండి విడుదలకు దరఖాస్తు వేయించండి. పట్టుకున్న వాహనాలు స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ పాడవకుండా త్వరగా యజమానులకు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. మీ న్యాయవాది ఆ తీర్పు ప్రస్తావిస్తే పని సులువవుతుంది. ఫోన్ సంగతి, తాళంచెవి సంగతి వేరే ఫిర్యాదుగా ట్రాఫిక్ డీసీపీకి, అక్కడ స్పందన లేకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయండి. రెండింటినీ బండి దరఖాస్తులో కలపకండి, బండి రావడం ఆలస్యమవుతుంది.

ఇంకొక పని కూడా చెయ్యమని కోరుతున్నాను, ఇది మీ ఒక్కరికోసం కాదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఆ రాత్రి ఆ ఫ్లైఓవర్ దగ్గర తనిఖీ పెట్టమని ఎవరు, ఏ ఆదేశంతో చెప్పారు, ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఎన్ని ద్విచక్ర వాహనాలను ఆపారు, ఎన్ని కార్లను ఆపారు, ఎన్ని బండ్లు స్వాధీనం చేసుకున్నారు, ఏ సెక్షన్ కింద అని విడివిడిగా అడగండి. ముప్ఫై రోజుల్లో సమాధానం రావాలి. ఆ కూడలిలోని సీసీ కెమెరా దృశ్యాలను చెరపకుండా భద్రపరచమని కూడా అదే వారంలో వేరే ఉత్తరం ఇవ్వండి, దృశ్యాలు ఎక్కువ రోజులు నిలవ ఉండవు. కార్ల లెక్క సున్నా అని వాళ్ళే రాసిస్తే, బైకులనే ఏరి ఆపుతున్నారన్న మీ మాటకు వాళ్ళ సంతకంతో ఆధారం దొరుకుతుంది.